సూపర్‌మార్కెట్ కొరియా అరలో పండుగ సరుకు ఎంత?

విశాఖలోని పెద్ద సూపర్‌మార్కెట్లలో కొరియా సరుకుల అర ముందు నిలబడితే మొదట కళ్లకు కొట్టేది ఎరుపు. మంట నూడుల్స్, గోచుజాంగ్ అనే మిరప ముద్ద డబ్బాలు, మైక్రోవేవ్‌లో వేడి చేసుకునే తొక్‌పొక్కి (కారం సాస్‌లో పిండి కడ్డీలు) కప్పులు, ఎర్ర కారం సంచులు. వాటి రుచికి వంక పెట్టనక్కర్లేదు. కానీ అవి కొరియాలో వీధి తిండి, రోజువారీ తిండి. కొరియన్లకు ఏడాదిలో పెద్ద పండుగలు రెండు: సొల్లాల్, చూసొక్. ఆ రెండింటి ముఖ్యమైన వంటల్లో కారం లేదు. తెల్లటి బియ్యం, తేట రసం, నువ్వులు, గుడ్డు, అంతే.

అందుకని కొరియా పండుగ వంట ఇంట్లో చేసి చూద్దామనుకునేవారు ఆ అరలో చాలా భాగం నిస్సంకోచంగా వదిలేయవచ్చు. కొనవలసినవి నాలుగే: కోసిన బియ్యపు తొక్ (ఉడికించి దంచిన పిండి కడ్డీ) ముక్కలు, ఉప్పూ నూనే పూయని గిమ్ (ఎండబెట్టిన సముద్రపు నాచు షీట్లు), వేయించిన నువ్వుల నూనె, సూపులో వాడే సోయా సాస్. మిగతావి మన పిండిమరలో, ఫిషింగ్ హార్బర్‌లో, నాటుకోడి దుకాణంలో దొరుకుతాయి. కొన్నయితే దిగుమతి ప్యాకెట్ కన్నా మెరుగైనవే దొరుకుతాయి.

ముందు పండుగల సంగతి కొంచెం తెలిస్తే ఏది ఎందుకు కొంటున్నామో తెలుస్తుంది. సొల్లాల్ అంటే చాంద్రమాన సంవత్సరాది. 2026లో అది ఫిబ్రవరి 17. పొద్దున్నే గతించిన పెద్దల పేరిట ఛారె అనే ఆరాధన జరుగుతుంది. తర్వాత పిల్లలు ఇంట్లో పెద్దలకు వంగి మొక్కుతారు, పెద్దలు కవర్లో పెట్టి డబ్బులిస్తారు. ఆపైన అందరూ తొక్‌గుక్ తింటారు. పలుచగా కోసిన బియ్యపు ముక్కలు వేసిన తేట సూపు అది. పొడవాటి తెల్ల తొక్ దీర్ఘాయుష్షుకు గుర్తు, బిళ్లల్లా కోసిన ముక్కలు నాణేలకు గుర్తు. ఆ గిన్నె తింటే వయసు ఒక ఏడు పెరిగినట్టే లెక్క. 2023 జూన్‌లో కొరియా చట్టం వయసును పుట్టినరోజు నుంచే లెక్కించాలని మార్చింది కానీ, ఇళ్లలో ఈ మాట పోలేదు.

చూసొక్ ఎనిమిదో చాంద్రమాసపు పౌర్ణమి. మన పంచాంగంలో భాద్రపద పౌర్ణమికో ఆశ్వయుజ పౌర్ణమికో దగ్గరగా పడుతుంది: 2025లో అక్టోబరు 6, 2026లో సెప్టెంబరు 25. పండుగకు ముందే పెద్దల సమాధుల మీద పెరిగిన గడ్డి కోసి శుభ్రం చేస్తారు. కొత్త బియ్యంతో అర్ధచంద్రాకారంలో సొంగ్‌ప్యొన్ అనే పూర్ణం కుడుములు చేసి పెద్దలకు పెడతారు. మనకు భాద్రపద పౌర్ణమి మర్నాటి నుంచే మహాలయ పక్షం మొదలు. పితృకార్యం వంటలో వెల్లుల్లి పడకూడదన్న నియమం మన ఇళ్లలో చాలాచోట్ల ఉంది. ఛారె వంటలోనూ వెల్లుల్లి వేయరు, ఎర్ర మిరప కూడా వేయరు. ఆ రెండూ పెద్దల ఆత్మలను దగ్గరికి రానివ్వవని అక్కడి నమ్మకం. ఎర్ర డబ్బాలు ఈ పండుగలకు ఎందుకు పనికిరావో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక తొక్ ప్యాకెట్. నాలుగు సరుకుల్లోనూ ఎక్కువ డబ్బు పోయేది, ఎక్కువ పొరపాట్లు జరిగేది దీని దగ్గరే. మొదటిది ఆకారం. వేలెడు పొడవున గుండ్రటి కడ్డీల్లా ఉన్నవి తొక్‌పొక్కికి. సూపుకు కావలసింది ఏటవాలుగా కోసిన పలుచటి బిళ్లలు. దుకాణాల్లో కడ్డీలే ఎక్కువ కనిపిస్తాయి. బిళ్లలు దొరక్కపోతే కడ్డీలను కొని, పదునైన కత్తితో మూడు మిల్లీమీటర్ల మందాన ఏటవాలుగా కోసుకోవచ్చు. మెత్తగా ఉన్న కడ్డీ కత్తికి అంటుకుంటుంది. రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి గట్టిపడ్డాక కోయండి.

రెండోది పిండి. ప్యాకెట్ వెనుక పదార్థాల వరుసలో ముందు ఏముందో చదవండి. కొన్ని బియ్యంతో చేసినవి, కొన్ని గోధుమ పిండితో చేసినవి, కొన్ని రెండూ కలిపినవి. గోధుమ తొక్ ఎంత ఉడికినా సాగుతూనే ఉంటుంది, చిక్కటి కారం సాస్‌లో అది బాగుంటుంది. తేట సూపులో మాత్రం బియ్యపు తొక్కే కావాలి. బియ్యపు ముక్క రసాన్ని కొద్దిగా పీల్చుకుని లోపల మెత్తగా, అంచున సాగుతూ ఉంటుంది. గోధుమ పడని వారికి ఈ తేడా ఆరోగ్యానికి సంబంధించినది కూడా.

మూడోది మద్యసారం. గాలి తీసి మూసిన చాలా ప్యాకెట్లలో తొక్ చెడిపోకుండా కొద్దిగా ఆల్కహాల్ కలుపుతారు. కవరు చింపగానే కొంచెం ఘాటు, పులిసిన వాసన వచ్చేది దానివల్లే. పాడైపోయిందని పారేయకండి, చల్లటి నీళ్లలో రెండుసార్లు కడిగితే పోతుంది. ఆల్కహాల్ బొత్తిగా పనికిరాదనుకునే ఇళ్లవారు మాత్రం పదార్థాలు చదివి, అది లేని ఫ్రోజెన్ రకం చూసుకోవాలి. కవరు ఉబ్బి ఉన్నా, ముక్కల మీద నల్లటి, గులాబీ రంగు చుక్కలున్నా అది మద్యసారం వాసన కాదు, సరుకు పాడయింది, అలాంటిది వద్దు.

నాలుగోది రవాణా. విశాఖ ఎండల్లో ఫ్రోజెన్ తొక్ ఇంటికి వచ్చేసరికి సగం కరిగి, మళ్లీ మన ఫ్రీజర్‌లో గడ్డకడుతుంది. అలా రెండుసార్లు గడ్డకట్టిన ముక్కలు సూపులో నిలువునా చీలిపోతాయి. కవరు లోపల మంచు పొడి దట్టంగా ఉంటే అది ఒకసారి కరిగిన సరుకే. ఆన్‌లైన్‌లో తెప్పించేవారికి, మార్చి నుంచి జూన్ దాకా ముఖ్యంగా, గాలి తీసి మూసిన రకమే నమ్మకం. కవరు విప్పాక మిగిలినవి మూడు నాలుగు రోజుల్లో వాడేయండి, లేదా ఒక్కో పూటకు సరిపడా విడివిడిగా కట్టి ఫ్రీజర్‌లో పెట్టండి.

ఇంట్లోనే తొక్ చేసుకోలేమా అంటే, చేయవచ్చు. తడి పిండిని ఆవిరి మీద ఉడికించి, వేడిగా ఉండగానే రోకలితో బాగా దంచి, కడ్డీలుగా చుట్టి, ఒక పూట ఆరనిచ్చి కోయడమే. కానీ కొరియాలో వాడే పొట్టి గింజ బియ్యానికి ఉన్న జిగురు మన సోనా మసూరికి లేదు. ఎంత దంచినా సూపులో పడ్డాక ముక్క అంచులు విరిగి రసం గంజి అవుతుంది. ఒక్క తొక్ విషయంలో ప్యాకెట్‌కు పెట్టే డబ్బు దండగ కాదు.

సూపు రసం దగ్గర మాత్రం ప్యాకెట్లు కొనకండి. రసం పొడులు, ఘనాలు కొన్నింట్లో గొడ్డుమాంసం సారం ఉంటుంది, దాదాపు అన్నింట్లో ఉప్పు ఎక్కువ. ఇప్పుడు కొరియాలో గొడ్డుమాంసం రసమే మామూలు, కానీ పూర్వం నెమలిజాతికి చెందిన ఫెజెంట్ పక్షి మాంసం వాడేవారు, అది దొరకనప్పుడు కోడి. 'ఫెజెంట్ లేకపోతే కోడి' అనేది ఇప్పటికీ కొరియన్ల నోట ఆడే సామెత. కాబట్టి నాటుకోడితో చేసిన తొక్‌గుక్‌ను మన సౌకర్యం కోసం చేసిన సర్దుబాటుగా చూడనక్కర్లేదు. అది అక్కడి పాత పద్ధతే.

నలుగురికి ఎముకతో ఉన్న నాటుకోడి 600 గ్రాములు. ముందు మరిగే నీళ్లలో మూడు నిమిషాలు వేసి ఆ నీళ్లు పారబోయాలి. ఈ పని మానేస్తే రసం బూడిద రంగుకు తిరుగుతుంది. తర్వాత రెండు లీటర్ల చన్నీళ్లు, ఉల్లికాడల తెల్ల భాగం, ఐదారు వెల్లుల్లి రెబ్బలు వేసి సన్న మంట మీద గంట నుంచి గంటంపావు. కుతకుత ఉడకనివ్వకండి. పెద్ద మంట మీద కొవ్వు రసంలో కలిసిపోయి తేటదనం పోతుంది, మళ్లీ తేరుకోదు. ప్రెషర్ కుక్కర్‌లోనూ ఇదే ఇబ్బంది. అల్లం, లవంగం, చెక్క, పసుపు ఏవీ వద్దు. వడగడితే లీటరున్నర దాకా వస్తుంది. మాంసం చేత్తో చీల్చి ఉప్పు, మిరియాల పొడి, చెంచాడు వేయించిన నువ్వుల నూనెతో కలిపి పక్కన పెట్టుకోండి. గతించిన పెద్దలకు పెట్టే గిన్నె అయితే రసంలో వెల్లుల్లి అసలు వేయకండి.

చేప రసం చేసేవారికి విశాఖలో మంచి వీలుంది, ఒక చిక్కూ ఉంది. కొరియా ఎండు నెత్తళ్లను ఉప్పునీటిలో ఉడికించి ఆపైన ఎండబెడతారు. మన దగ్గర పచ్చి చేపనే ఎండకు వేస్తారు. అందుకే మన నెత్తళ్ల రసంలో నీచు వాసన ఎక్కువ. ఫిషింగ్ హార్బర్ దగ్గర కొనేటప్పుడు ఇసుక అంటని, వెండి మెరుపు పోని, పొట్ట పగలని పెద్ద నెత్తళ్లు ఏరుకోండి. పసుపు పచ్చగా మారినవి కొవ్వు కాటెక్కినవి. తల, పొట్టలోని నల్ల భాగం తీసేశాక 25 గ్రాములు ఉండాలి; ఆ నల్ల భాగమే చేదు. నూనె లేని మూకుడులో సన్న సెగ మీద రెండు నిమిషాలు వేయిస్తే నీచు చాలావరకు పోతుంది. 1.6 లీటర్ల నీళ్లలో అరచేతి వెడల్పు కెల్ప్ అనే సముద్రపు నాచు ముక్కతో కలిపి అరగంట నానబెట్టి, మధ్యస్థపు మంట మీద పెట్టండి. మరగడం మొదలైన ఐదు నిమిషాలకు నాచు తీసేయాలి, లేకపోతే రసం జిగటగా, వగరుగా మారుతుంది. ఇంకో పది నిమిషాలకు నెత్తళ్లు వడకట్టేయండి. ఉప్పు రుచి చూశాకే వేయాలి. శాకాహారులు నెత్తళ్ల బదులు ఎండు షిటాకే పుట్టగొడుగులు ఐదు, ముల్లంగి 100 గ్రాములు వేసుకుంటే సరి.

తొక్ ముక్కలు నలుగురికి 600 గ్రాములు. వాటిని ఇరవై నిమిషాలు చన్నీళ్లలో నాననిచ్చి వాడండి. అంచులు ఎండిన ముక్క నానకుండా మరిగే రసంలో పడితే పగులుతుంది. రసం తెర్లుతున్నప్పుడు వేసి, అడుగంటకుండా ఒకసారి కలిపి, ముక్కలు పైకి తేలాక రెండు మూడు నిమిషాలు, అంతే. వడ్డించే ముందే వేయాలి. ముందుగా చేసి మూతపెట్టి ఉంచితే అరగంటలో ముక్కలు రసమంతా తాగి ముద్దవుతాయి. బంధువులు ఆలస్యంగా వచ్చే ఇంట్లో రసం వేరుగా, ముక్కలు వేరుగా ఉంచి ఎవరి గిన్నె వారికి అప్పటికప్పుడు ఉడికించడమే మార్గం.

రుచికి సోయా సాస్. కొరియాలో సూపుకు వాడే రకం వేరు: రంగు తక్కువ, ఉప్పు ఎక్కువ. మన వంటింట్లో ఉండే నల్లటి చైనా రకం పోస్తే తెల్లగా ఉండాల్సిన సూపు గోధుమ రంగుకు తిరుగుతుంది, తీపి కూడా తగులుతుంది. ఒక్క పండుగ కోసం సీసా కొనడం ఇష్టం లేకపోతే, లేత రంగు సోయా సాస్ ఒక చెంచా వేసి మిగతాది ఉప్పుతో సరిచేయండి. నాలుగింటిలో మానుకోగలిగిన సరుకు ఇదొక్కటే.

నువ్వుల నూనె విషయంలో సర్దుకోవడం కుదరదు. మన పప్పునూనె పచ్చి నువ్వుల నుంచి తీసినది, వంటకు బాగుంటుంది. కొరియా నూనెకు నువ్వులను ముదురుగా వేయించి ఆడతారు. అరచెంచాతో గిన్నె మొత్తం వాసన వస్తుంది. మన నూనె ఎంత పోసినా జిడ్డు వస్తుంది తప్ప ఆ వాసన రాదు. చిన్న సీసా చాలు. విప్పాక వెలుగు తగలనిచోట పెట్టండి. చివర్లో చల్లుకునే నూనె ఇది, వేపుళ్లకు వాడి పాడుచేయకండి.

గిమ్ కొనేటప్పుడు పిల్లల చిరుతిండి పొట్లాలు చేతికి వస్తాయి. వాటిలో ఉప్పూ నూనే ముందే పూసి ఉంటాయి, కాబట్టి సూపు మీద చల్లితే ఉప్పు మీరుతుంది. పైగా నూనె పూసిన గిమ్ త్వరగా కాటెక్కుతుంది. ఏమీ పూయని పెద్ద షీట్లు కొనండి. సముద్రం గాలి తగిలే ఊళ్లో విప్పిన గిమ్ ఒక్క రోజులోనే మెత్తబడుతుంది. తేమ పీల్చే చిన్న పొట్లాన్ని పారేయకుండా షీట్లతో పాటే గాలి చొరని డబ్బాలో ఉంచండి. మెత్తబడితే సన్న సెగ పెనం మీద ఒక్కో వైపు కొన్ని క్షణాలు. రంగు నలుపు నుంచి ఆకుపచ్చకు తిరిగితే చాలు, తర్వాత చేత్తో నలిపి చల్లడమే. గుడ్డు తెల్లసొన, పచ్చసొన విడివిడిగా కొద్దిగా ఉప్పేసి, నూనె తుడిచిన పెనం మీద పలుచటి అట్లుగా పోసి, రంగు మారకముందే తీసి, డైమండ్ ముక్కలుగా కోసి పైన పెడితే తొక్‌గుక్ పూర్తయినట్టే.

చూసొక్ దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. సొంగ్‌ప్యొన్ కోసం ఆన్‌లైన్‌లో దొరికే పొడి బియ్యప్పిండి ప్యాకెట్ ఏదీ కొనవద్దని గట్టిగా చెప్పాలి. కొరియాలో ఈ వంటకు వాడేది నానబెట్టిన బియ్యాన్ని తడిగా ఉండగానే ఆడించిన పిండి. అక్కడి దుకాణాల్లో దాన్ని ఫ్రీజర్‌లో పెట్టి అమ్ముతారు; ఇంట్లో వండుకునేవారు బియ్యం నానబెట్టి ఊళ్లో మరకు తీసుకెళ్లేవారు. మనం అరిసెలకు, చలిమిడికి ఆడించుకునే తడి పిండి సరిగ్గా అదే. పొడి ప్యాకెట్ పిండి వేడినీళ్లు పోసినా లోపలిదాకా తడవదు. కలిపేటప్పుడు బాగానే ఉంటుంది, అంచు నొక్కేటప్పుడు పగుళ్లు పడతాయి, ఆవిరిలో ఆ పగుళ్లలోంచి నువ్వుల పాకం కారిపోతుంది, చల్లారాక ముక్క గట్టిపడుతుంది.

థాయ్ దుకాణాల జిగురు బియ్యప్పిండి కొనడం ఇంకో పొరపాటు. పూర్తిగా దానితోనే చేస్తే ఆవిరిలో అర్ధచంద్రం కరిగి అప్పచ్చిలా చదునైపోతుంది. దాన్ని పదింట ఒక వంతు కలుపుకుంటే మాత్రం మేలే, మన బియ్యానికి లేని సాగుడు వస్తుంది. ఐదింట ఒక వంతు దాటితే మళ్లీ ఆకారం నిలవదు.

బియ్యం ఎంత కొత్తవైతే అంత మంచిది. పాత బియ్యం అన్నానికి పొడిపొడిగా బాగుంటాయి, ఇక్కడ ఆ గుణమే అడ్డు. కిలో బియ్యం కడిగి ఏడెనిమిది గంటలు నానబెట్టండి. విశాఖ ఉక్కకు నీళ్లు పులుస్తాయి కాబట్టి మూడు గంటలకోసారి నీళ్లు మార్చండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టండి. జల్లెడలో అరగంట వాడ్చాలి. చుక్క పడటం ఆగాలి, గింజ మాత్రం తడిగానే ఉండాలి. నానాక బరువు కిలోంపావు దాటుతుంది. 12 గ్రాముల ఉప్పు కలిపి మరకు పట్టుకెళ్లండి.

మర దగ్గర అసలు ఇబ్బంది. సంక్రాంతి ముందు రోజుల్లో పిండిమరలు వరసపెట్టి తడి పిండే ఆడుతుంటాయి. భాద్రపదంలో అలా కాదు. తడి పిండి జల్లెడ మూసేస్తుందని చాలామంది మరవాళ్లు ఒప్పుకోరు. ముందు రోజు వెళ్లి మాట్లాడుకోవాలి, బియ్యం ఆడిన వెంటనే మనది వేయమనాలి. మీకు ముందు మిరపకాయలో ధనియాలో ఆడి ఉంటే పిండి పనికిరాదు, ఎంత జల్లించినా ఆ వాసన పోదు. మర కుదరకపోతే మిక్సీ చాలు: 150 గ్రాముల చొప్పున వేసి, జార్ వేడెక్కకుండా ఆపి ఆపి తిప్పి, సన్న జల్లెడలో పట్టి, మిగిలిన రవ్వను మళ్లీ తిప్పాలి. పిడికిట పడితే ముద్ద నిలవాలి, వేలితో నొక్కితే విడిపోవాలి. అరిసెల పిండి చూసే పద్ధతే. వెంటనే వాడని పిండిని గాలి తీసి కట్టి ఫ్రీజర్‌లో పెడితే నెల రోజులు నిలుస్తుంది. బయట ఉంచితే సాయంత్రానికి పులుస్తుంది.

అరకిలో తడి పిండికి సలసల కాగే నీళ్లు 80 నుంచి 120 మిల్లీలీటర్లు, రెండు మూడు చెంచాల చొప్పున. గోరువెచ్చని నీళ్లు పనిచేయవు. బియ్యంలో గోధుమలాంటి బంక లేదు. మరిగే నీళ్లు తగిలి కొంత పిండి ఉడికి జిగురైతేనే ముద్ద పట్టుకుంటుంది. ముందు గరిటెతో, తర్వాత చేత్తో పది నిమిషాలు బాగా మర్దించి, తడిగుడ్డ కప్పి అరగంట వదలండి. చిన్న ఉండ చేసి నొక్కినప్పుడు అంచు పగలకపోతే సరిపోయినట్టు. పని చేస్తున్నంతసేపూ సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. ఉక్క పోసినా సరే, ఫ్యాన్ గాలికి పిండి పైపొర ఐదు నిమిషాల్లో ఎండి చీలుతుంది.

లోపలికి నువ్వులు. 60 గ్రాముల నూపప్పు దోరగా వేయించి బరకగా దంచి, 40 గ్రాముల పంచదార, చెంచా తేనె, చిటికెడు ఉప్పు కలపండి. మెత్తగా రుబ్బితే నూనె వదిలి ముద్దవుతుంది, అంచు అతుక్కోదు. బెల్లం వాడాలనిపిస్తుంది. పొడి బెల్లం అయితే సరే, తడి బెల్లం అయితే మడవకముందే కారడం మొదలవుతుంది. తీపి తక్కువ కావాలనుకునేవారు చాయ పెసరపప్పు నానబెట్టి ఆవిరి మీద ఉడికించి, ఉప్పు, కొద్ది పంచదారతో మెదిపి పెట్టుకోవచ్చు. కొరియాలోనూ పెసర పూర్ణం ఉంది. ఇరవై గ్రాముల పిండి ఉండను గిన్నెలా ఒత్తి, అరచెంచా పూర్ణం పెట్టి, సగానికి మడిచి అంచులు మూయాలి. తర్వాత పిడికిట్లో పట్టి గట్టిగా నొక్కాలి. లోపల చిక్కుకున్న గాలి ఆవిరిలో వ్యాకోచించి ముక్కను చీల్చేస్తుంది కాబట్టి ఈ నొక్కుడు తప్పనిసరి. పైన చెప్పిన కొలతకు ముప్పై దాకా వస్తాయి.

పచ్చ రంగుకు కొరియాలో మగ్‌వర్ట్ ఆకు వాడతారు. మన దవనం అదే ప్రజాతి మొక్క, అలాగని దాన్ని పిండిలో కలపకండి, దాని ఘాటు పూలమాలకే తగినది. పసుపు రంగుకు గుమ్మడికాయ ఆవిరి మీద ఉడికించి మెదిపి కలపవచ్చు, అప్పుడు నీళ్లు తగ్గించుకోవాలి.

ఉడికించడానికి ఇడ్లీ పాత్ర ఉంటే చాలు, వెదురు స్టీమర్ కొననక్కర్లేదు. గుంటల ప్లేట్లు తీసి చిల్లుల పళ్లెం వేయండి. కొరియాలో పైన్ ఆకులు పరిచి వాటి మీద పేరుస్తారు, వాసనకూ అంటుకోకుండానూ. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం: మన బీచ్ వెంబడి సూదుల్లా రాలే ఆకులు సరుగుడువి. చూపుకు పైన్ ఆకులాగే ఉన్నా ఆ చెట్టు వేరు, వంటకు వాడకండి. తడిపి పిండిన నూలుగుడ్డ పరవండి, లేదా అరిటాకు. ఆ పైన్ వాసన మాత్రం ఇక్కడ రాదు, దానికి ప్రత్యామ్నాయం లేదు. నీళ్లు మరిగాకే పెట్టి, ఒకదానికొకటి తగలకుండా పేర్చి, ఆవిరి చుక్కలు పడకుండా మూతకు గుడ్డ చుట్టి, ఇరవై నిమిషాలు. మంట ఆపి ఐదు నిమిషాలు ఆగండి. తీసిన వెంటనే చన్నీళ్లలో ముంచి లేపి, వేయించిన నువ్వుల నూనె చేతికి రాసుకుని పూయండి. చన్నీళ్లు తగలకపోతే పైపొర జిగటగా ఉండి ఒకటినొకటి పట్టుకుంటాయి.

ఛారె పళ్లెంలో ఇవే కాక పళ్లు, ఆకుకూరల వేపుళ్లు, చేప, మాంసం, జొన్ అనే గుడ్డు పూత వేపుళ్లు ఉంటాయి. ఎర్ర పళ్లు తూర్పున, తెల్లవి పడమర. చేప తూర్పున, మాంసం పడమర. పీచ్ పండు పెట్టరు. అయితే ఈ జాబితా చూసి బెదరవద్దు. కొరియాలో కన్ఫ్యూషియన్ సంప్రదాయానికి పెద్దదిక్కైన సంగ్యున్‌గ్వాన్ 2022లో పళ్లెం సాదాగా ఉన్నా చాలని, నూనెలో వేయించినవి పెట్టాల్సిన అవసరం లేదని ప్రకటించింది. ఆ వేపుళ్ల ముందు గంటలకొద్దీ కూర్చునేది ఇంటి కోడళ్లే. అందుకని ఆ మాటకు విలువ ఉంది. ఎలాగైనా జొన్ చేయాలనుకుంటే పండుగప్ప ముక్కలు బాగుంటాయి: ఐదారు మిల్లీమీటర్ల మందం, ఉప్పూ మిరియాలూ వేసి పది నిమిషాలు, తడి పూర్తిగా అద్ది, పలుచగా మైదా, తర్వాత గుడ్డు, సన్న మంట. తడి తుడవకపోతే గుడ్డు పొర ఊడిపోతుంది. కోనాం ముక్క దీనికి మరీ గట్టి.

యాక్‌గ్వా అనే తేనె బిస్కెట్ల పొట్లాలు, షిక్యే అనే తీపి బియ్యపు పానీయం డబ్బాలు కూడా ఆన్‌లైన్‌లో కనబడతాయి. యాక్‌గ్వా పిల్లలకు నచ్చుతుంది, కొనవచ్చు. షిక్యే డబ్బాలో పంచదారే ఎక్కువ, వదిలేయండి.

ఏ ప్యాకెట్ కొన్నా దిగుమతిదారు పేరు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉన్న స్టిక్కర్ చూడండి. స్టిక్కర్ లేనిది తక్కువకు వచ్చినా వద్దు. మాంసాహారానికి గోధుమ రంగు త్రికోణం గుర్తు ఉంటుంది, తొక్ ప్యాకెట్‌తో పాటు ఇచ్చే రసం పొట్లాల్లో చేప పొడి ఉండటం మామూలే. కొరియా అచ్చులో తేదీ ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు. 26.05.04 అంటే 2026 మే 4, మనలా చదివి 2004 అనుకోవద్దు.

సొంగ్‌ప్యొన్ మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చలిలోనే బియ్యప్పిండి అన్నిటికన్నా త్వరగా గట్టిపడుతుంది. చేసిన రోజు తిననివి చల్లారగానే ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినప్పుడు కరిగించకుండా నేరుగా పది నిమిషాలు ఆవిరి పట్టండి. ఉడికించనివి కూడా విడివిడిగా పేర్చి గడ్డకట్టించుకోవచ్చు, అప్పుడు ఇరవై ఐదు నిమిషాల ఆవిరి కావాలి. మైక్రోవేవ్‌లో వేడి చేయాల్సి వస్తే పైన తడిగుడ్డ కప్పి అర నిమిషం. అంతకు మించితే లోపలి పంచదార పాకం నోరు కాల్చేంతగా కాగుతుంది, పిల్లలకు విరిచి ఇవ్వండి.